ఫీడ్ రీడర్ పెట్టినా వార్తల పోరు తగ్గలేదా? గుణుపూర్ నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుణుపూర్‌లో ఉంటారు. రాయగడ జిల్లా కబుర్లు ఒడియాలో, సరిహద్దు అవతలి పార్వతీపురం, శ్రీకాకుళం కబుర్లు తెలుగులో, మిగతావి ఇంగ్లీషులో చూస్తారు. అయిదు న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లతో విసిగిపోయి అవన్నీ తీసేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఫీడర్ అనే ఫీడ్ రీడర్ యాప్ (సైట్లూ బ్లాగులూ పెట్టే కొత్త రాతల జాబితాల్ని, అంటే ఫీడ్లని, ఒకచోటికి తెచ్చి చూపేది) పెట్టి, నాలుగు దినపత్రికలూ నలభై బ్లాగులూ కలిపారు. మూడు రోజులకే చదవనివి 1,400 అయ్యాయి. ‘ప్రశాంతంగా ఉంటుందన్నారు, ఇదేమో ఇంకా గాభరాగా ఉంది, ఏం చెయ్యాలి?’ అని అడిగారు.

సూటిగా చెప్తానండీ. యాప్ మార్చక్కర్లేదు. దినపత్రికల మెయిన్ ఫీడ్లు ముందు తీసేయండి. మిగిలినవాటిని విషయాన్ని బట్టి కాకుండా, ఎంత తరచుగా రాస్తారో దాన్ని బట్టి రెండు మూడు గుంపులుగా సర్దండి. యాప్ దానంతటది వార్తలు తెచ్చుకోవడం ఆపేసి, మీకు తీరికైనప్పుడు మీరే రిఫ్రెష్ చెయ్యండి. ఈ మూడూ చేస్తే వారంలో తేడా తెలుస్తుంది.

ముందు ఆ 1,400 సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని చూసే చాలామంది ఫీడ్ రీడర్ మానేస్తారు. ఏ ఫీడ్ అయినా కొత్తగా కలపగానే అందులో అప్పటికే ఉన్న పాత పోస్టులన్నీ చదవనివి కిందే వచ్చి పడతాయి. వర్డ్‌ప్రెస్ బ్లాగు మామూలుగా తన ఫీడ్‌లో చివరి 10 పోస్టులు ఉంచుతుంది, బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్) 25 ఉంచుతుంది. నలభై బ్లాగులు కలిపారంటే మొదటిరోజే 400 నుంచి 1,000 దాకా పాత సరుకు వచ్చిందన్నమాట. అది మీరు చదవకుండా వదిలేసిన బాకీ కాదు. ఎప్పటివో రాతలు. కొత్త ఫీడ్ కలపగానే ‘మార్క్ ఆల్ యాజ్ రెడ్’ (అన్నీ చదివేసినట్టే అని గుర్తు) కొట్టేసి, ఇవాళ్టినుంచి వచ్చేవే లెక్కలోకి తీసుకోండి. పాతవి చదవాలనిపిస్తే ఆ బ్లాగు ఎక్కడికీ పోదు.

మిగతా భాగం దినపత్రికలది. మామూలుగా రాసే బ్లాగరు నెలకి మూడు పోస్టులు రాస్తాడనుకోండి. నలభై మందివీ కలిపితే నెలకి 120, అంటే రోజుకి నాలుగు. అరగంటలో హాయిగా చదువుకోవచ్చు. దినపత్రిక మెయిన్ ఫీడ్ ఒక్కటే రోజుకి వంద దాటిస్తుంది. సినిమా కబుర్లు, రాశిఫలాలు, క్రికెట్ స్కోర్లు, ఒకే వార్తకి మూడు శీర్షికలు, అన్నీ అందులోనే. నాలుగు పత్రికలు పెడితే, మీరు నిజంగా కోరుకున్న ఆ నాలుగు పోస్టులు నాలుగు వందల కింద పడి కనిపించవు. ఫీడ్ రీడర్ గుణం ఏమిటంటే అన్నింటినీ ఒకే వరుసలో, ఒకే సైజులో చూపిస్తుంది. పేపర్లో పతాక శీర్షికకీ లోపలి పేజీ చిన్న వార్తకీ ఉన్న తేడా ఇక్కడ ఉండదు. అందుకే రోజువారీ పత్రికని కాగితం మీదో ఈ-పేపర్లోనో చదవడమే మేలు. అక్కడ ఎడిటరు ఏది ముఖ్యమో ఎంచి పెడతాడు, చివరి పేజీ అనేది ఒకటుంటుంది.

మరి సరిహద్దు వార్తలు తప్పిపోవా అంటారు. వాటికి వేరే దారి ఉంది. మన ప్రాంతంలో పట్టించుకోవాల్సిన సంగతులు చాలావరకు నెమ్మదిగా నడిచేవి. వంశధార మీద నేరడి బ్యారేజీ, ఒడిశా, ఆంధ్ర రెండూ మావేనంటున్న కొటియా గ్రామాల వివాదం, గుణుపూర్ రైలు మార్గం లాంటివి నెలల తరబడి ఏ కదలికా లేకుండా ఉండి, ఒకరోజు హఠాత్తుగా వార్తలోకొస్తాయి. ఇలాంటివాటికి పత్రిక ఫీడ్ కాదు, వెతుకుడు ఫీడ్ పెట్టుకోవాలి. గూగుల్ న్యూస్‌లో తెలుగు భాష ఎంచుకుని ‘నేరడి బ్యారేజీ’ అని వెతకండి. ఫలితాల పేజీ చిరునామాలో డాట్ కామ్ స్లాష్ తరవాత, సెర్చ్ అన్న మాటకి ముందు, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఆర్ఎస్ఎస్ అని రాసి ఒక స్లాష్ పెట్టండి. ఆ చిరునామా మొత్తం కాపీ చేసి రీడర్లో కలిపితే అదే ఫీడ్ అయిపోతుంది. చిరునామా చివర ఉండే భాష, దేశం గుర్తులు చెరిపేయకండి. అవి పోతే తెలుగు ఫలితాలకి బదులు ఇంగ్లీషువి రావచ్చు.

ఊరి పేర్లతో వెతికేటప్పుడు మనవాళ్ళకి ఒక చిక్కుంది. ‘రాయగడ’ అని పెడితే మహారాష్ట్రలోని రాయగఢ్, ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ కూడా వచ్చేస్తాయి, ఇంగ్లీషులో అయితే మరీనూ. ఇంగ్లీషులో బరంపురం పెడితే పశ్చిమ బెంగాల్లో ఉన్న బహరంపూర్ వార్తలు కలుస్తాయి. అక్కర్లేని మాట ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెట్టండి: రాయగడ, ఖాళీ, మైనస్ మహారాష్ట్ర, ఖాళీ, మైనస్ ఛత్తీస్‌గఢ్. రెండోది, ఒక ఊరిని పత్రికకో రకంగా రాస్తారు. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పారలాఖెముండి మూడూ కనిపిస్తాయి. వాటి మధ్య ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ‘ఆర్’ అని, అంటే ‘లేదా’ అనే అర్థంలో, పెడితే ఒకే ఫీడ్‌లో అన్నీ వస్తాయి. ఒడియా లిపిలో వెతకడానికి వేరే ఫీడ్ పెట్టుకోండి. రెండు లిపులు ఒకే వెతుకుడులో కలిపితే, భాష ఎంపిక వల్ల ఒకటి దాదాపుగా రాకుండా పోతుంది.

దీనికో పరిమితి ఉంది. గూగుల్ న్యూస్ ఫీడ్‌లో వచ్చే లింకులు నేరుగా పత్రికకి వెళ్ళవు, గూగుల్ మీదుగా తిరిగి వెళ్తాయి. అందువల్ల రీడర్లో ‘పూర్తి వ్యాసం తెచ్చుకో’ అన్న సౌకర్యం వీటిమీద తరచుగా పనిచెయ్యదు. శీర్షిక చూసి, కావాలంటే బ్రౌజర్లో తెరవాల్సిందే. ఇంకోటి, వేడివేడిగా నడుస్తున్న విషయానికి, ఎన్నికలకో తుఫానుకో, వెతుకుడు ఫీడ్ పెట్టకండి. మెయిన్ ఫీడ్ కన్నా ఎక్కువ కురుస్తుంది.

కొన్ని సంస్థలు విభాగాల వారీగా ఫీడ్లు ఇస్తాయి. ది హిందూ అలా ఇస్తుంది, రాష్ట్రం పేజీకి వేరేగా తీసుకోవచ్చు. రిజర్వు బ్యాంకు తన ప్రకటనలకీ నోటిఫికేషన్లకీ విడివిడిగా ఫీడ్లు పెట్టింది. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయానికీ ఉన్నాయి. వ్యాపారమో బ్యాంకు పనో ఉన్నవాళ్ళకి రిజర్వు బ్యాంకు ఫీడ్ ఒక్కటి పది వార్తా సైట్ల పెట్టు. అసలు ప్రకటనే చేతికొస్తుంది, దాని మీద ఊహాగానాలు కాదు.

ఇప్పుడు సర్దడం. చాలామంది రాజకీయం, సాహిత్యం, టెక్నాలజీ అని ఫోల్డర్లు చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ పని చెయ్యదు. ‘సాహిత్యం’లో రోజుకి పది పెట్టే సైటు ఒకటి చేరిందంటే, నెలకొకటి రాసే మంచి రచయిత మళ్ళీ అడుగున పడతాడు. తరచుదనాన్ని బట్టి విడదీయండి. ఫీడర్‌లో ప్రతి ఫీడ్‌కీ ఒక ట్యాగు ఇవ్వొచ్చు. అదే మనకి ఫోల్డరు.

‘నెమ్మది’ అని ఒకటి పెట్టండి. వారానికి ఒకటో రెండో లేదా అంతకన్నా తక్కువ రాసేవాళ్ళందరూ ఇందులోకి. మీ నలభై బ్లాగుల్లో ముప్పై అయిదు ఇక్కడికే వస్తాయి. నెలకోసారి వచ్చే ఈమాట లాంటి వెబ్ పత్రికలూ ఇందులోనే. ఇందులోది ఏదీ చదవకుండా కొట్టెయ్యకండి, వారం ఆలస్యమైనా పరవాలేదు. రీడర్ అసలు ఉన్నది ఈ ఫోల్డరు కోసం.

‘జిల్లా’ అని రెండోది. వెతుకుడు ఫీడ్లు, విభాగాల ఫీడ్లు ఇక్కడ. దీన్ని రోజుకి ఒక్కసారి, శీర్షికలు మాత్రం చూసి, రెండో మూడో తెరిచి, మిగతావి మార్క్ ఆల్ యాజ్ రెడ్. రెండ్రోజులు చూడలేదా, ఏమీ ఆలోచించకుండా మొత్తం కొట్టెయ్యండి. నిజంగా పెద్ద సంగతైతే మూడోరోజు మళ్ళీ వస్తుంది. కొటియా లాంటి విషయంలో ఒడియా పత్రికా తెలుగు పత్రికా ఒకే సంఘటనని చెరో వైపు నుంచి రాస్తాయి. రెండూ ఒకచోట, ఒకేసారి పక్కపక్కన కనబడటం మన సరిహద్దు పాఠకులకి చాలా విలువైన సౌకర్యం. యాప్‌ల నోటిఫికేషన్లలో అది ఎప్పటికీ కుదరదు, ఎందుకంటే ఒకటి పొద్దున్నా ఇంకొకటి రాత్రికీ వస్తాయి.

‘కొత్తవి’ అని మూడోది. కొత్తగా కలిపే ప్రతి ఫీడూ ముందు ఇక్కడ నెల రోజులు ఉండాలి. ఆ నెలలో ఒక్కటైనా తెరిచి చదివారా, అయితే ‘నెమ్మది’లోకి మార్చండి. లేదంటే తీసేయండి. ఇది లేకపోతే ఆరు నెలల్లో మళ్ళీ మీ 1,400 దగ్గరికే వస్తారు.

సెట్టింగుల సంగతి. ఫీడర్‌లో సింక్ ఫ్రీక్వెన్సీ (ఎంతసేపటికోసారి దానంతటది తెచ్చుకోవాలి) అని ఉంటుంది, పావుగంట నుంచి రోజుకొకసారి దాకా. దాన్ని మాన్యువల్ చెయ్యండి. మరీ అలా వద్దనుకుంటే రోజుకొకసారి పెట్టి, వైఫైలో ఉన్నప్పుడు మాత్రమే, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే అన్న రెండూ ఆన్ చెయ్యండి. రాత్రి ఛార్జింగ్ పెడితే పొద్దున్నకి సిద్ధంగా ఉంటాయి. ఈ యాప్‌లో నోటిఫికేషన్ ఏ ఫీడ్‌కి ఆ ఫీడ్‌గా ఉంటుంది, అన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఐకాన్ మీద అంకె వస్తుంటే ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ నోటిఫికేషన్ల కిందే బ్యాడ్జ్ ఆపొచ్చు. ఆ అంకె ఆపడం చిన్న పనిలా ఉంటుంది గానీ, మనసు మీద బరువు పెట్టేది అదే.

చైనా కంపెనీల ఫోన్లలో రోజువారీ సింక్ పెట్టినా ఒక్కోసారి జరగదు. యాప్ పాడైందనుకుంటారు. బ్యాటరీ ఆదా కోసం ఫోనే దాన్ని నిద్రపుచ్చుతుంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ అన్నచోట ‘నో రెస్ట్రిక్షన్స్’ ఎంచుకుంటే సరిపోతుంది. మాన్యువల్‌లో పెట్టినవాళ్ళకి ఈ బాధే లేదు, కిందికి లాగితే వచ్చేస్తాయి.

మోహన, ఆర్.ఉదయగిరి, కాశీపూర్ వైపు తిరిగే ఉద్యోగులకి సిగ్నల్ పెద్ద సమస్య. వాళ్ళు ప్రతి ‘నెమ్మది’ ఫీడ్ సెట్టింగులోనూ పూర్తి వ్యాసం ముందే తెచ్చుకునే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. కొన్ని బ్లాగులు ఫీడ్‌లో పూర్తి పోస్టు ఇస్తాయి, కొన్ని మొదటి నాలుగు వాక్యాలే ఇస్తాయి. రెండో రకానికి ఇది తప్పనిసరి. ఊళ్ళో వైఫై ఉన్నప్పుడు రిఫ్రెష్ చేసుకుంటే నెట్ లేనిచోట కూడా అక్షరాలు చదువుకోవచ్చు, బొమ్మలు మాత్రం రాకపోవచ్చు. తెలుగు చదివేవాళ్ళు అక్షరం సైజు ఒక మెట్టు పెంచుకోండి. ఇంగ్లీషుకి సరిపోయిన సైజులో మన ఒత్తులు ఇరుకైపోతాయి.

ఒక లోటు తెలిసుండాలి. ఇలా ఫోనే నేరుగా తెచ్చుకునే యాప్‌లకి, మీరు రిఫ్రెష్ చేసిన క్షణంలో ఫీడ్‌లో ఏముందో అంతే దక్కుతుంది. చివరి 10 మాత్రమే ఉంచే సైటు రోజుకి ముప్పై పెడితే, రోజుకోసారి చూసేవాళ్ళకి ఇరవై జారిపోతాయి. ‘నెమ్మది’ బ్లాగులకి ఈ సమస్య ఉండదు. నెల తరవాత చూసినా అన్నీ ఉంటాయి. ఒక్కటి కూడా జారకూడదనుకుంటే ఇనోరీడర్, ఫీడ్లీ లాంటివి వాడాలి. అవి వాళ్ళ సర్వర్లోనే తెచ్చి దాస్తాయి, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకేలా కనబడతాయి. అకౌంటు తెరవాలి, ఉచితంగా ఇన్ని ఫీడ్లే అన్న హద్దు ఉంటుంది. ఐఫోన్ వాళ్ళకి నెట్‌న్యూస్‌వైర్ ఉచితం, బాగుంటుంది. సొంత సర్వర్ నడపగలిగినవాళ్ళకి ఫ్రెష్ ఆర్ఎస్ఎస్ చాలు. మీ అవసరానికి ఫీడరే సరిపోతుంది.

ఫీడ్ చిరునామా దొరకడం లేదని కూడా రాశారు. ముందు సైటు చిరునామానే రీడర్లో పెట్టి చూడండి, చాలావరకు అదే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే, వర్డ్‌ప్రెస్ సైటైతే చిరునామా చివర స్లాష్ ఫీడ్. సబ్‌స్టాక్‌కీ అంతే. బ్లాగ్‌స్పాట్ అయితే స్లాష్ ఫీడ్స్, స్లాష్ పోస్ట్స్, స్లాష్ డిఫాల్ట్. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో. తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించిన కూడలి, మాలిక, హారం, జల్లెడ రోజుల నుంచి బ్లాగులు చదివేవాళ్ళ దగ్గర పాత జాబితాలుంటాయి. వాటిలో చాలా బ్లాగులు రాయడం ఆగినా, ఆ ఫీడ్లు ఉంచుకోవడానికి ఖర్చేమీ లేదు. మూడేళ్ళకి ఒక పోస్టు పడినా మీకు తెలుస్తుంది. 

యూట్యూబ్ ఛానళ్ళకీ ఫీడ్ ఉంది. ఛానల్ పేజీలో వివరాల కింద, షేర్ నొక్కితే ఛానల్ ఐడీ కాపీ చేసుకోవచ్చు. అది యూ, సీ అన్న రెండు పెద్దక్షరాలతో మొదలవుతుంది. యూట్యూబ్ చిరునామాకి స్లాష్ ఫీడ్స్, స్లాష్ వీడియోస్ డాట్ ఎక్స్ఎంఎల్, ప్రశ్నార్థకం, ఛానల్ అండర్‌స్కోర్ ఐడీ, సమానం గుర్తు, తరవాత ఆ ఐడీ. చివరి 15 వీడియోలు వస్తాయి. షార్ట్స్ గోల వద్దనుకుంటే ఐడీ మొదట్లో ఉన్న యూ, సీ తీసి యూ, యూ, ఎల్, ఎఫ్ పెట్టి, ఛానల్ బదులు ప్లేలిస్ట్ అని మార్చండి. ఇది యూట్యూబ్ అధికారికంగా రాసిపెట్టిన పద్ధతి కాదు, ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

వాట్సాప్ గ్రూపులకీ, ఫేస్‌బుక్‌కీ ఫీడ్ లేదు. దొంగదారులు వెతుక్కోకండి, వారానికోసారి విరిగిపోతాయి, బాగుచేసుకోవడమే పనవుతుంది.

మీ యాప్‌లో లోపం అని ఎర్రగా చూపిస్తున్న రెండు ఫీడ్ల గురించి. 404 అంటే చిరునామా మారింది, సైటులోకి వెళ్ళి కొత్తది వెతకాలి. 403 అంటే సైటు ముందున్న కాపలా మీ రీడర్ని రోబో అనుకుని ఆపింది. మీరు చేయగలిగిందేమీ లేదు, సైటువాళ్ళకి మెయిల్ రాయడం తప్ప. ‘పార్స్’ అన్న మాట ఉన్న లోపం వస్తే ఆ ఫీడ్‌లోనే తప్పుంది. సాధారణంగా శీర్షికలో యాండ్ గుర్తుని సరిగ్గా రాయకపోవడం వల్ల వస్తుంది. ఆ పోస్టు ఫీడ్ నుంచి కిందికి జారిపోగానే దానంతటదే బాగవుతుంది, కాబట్టి తొందరపడి తీసెయ్యకండి. పాత పోస్టులే మళ్ళీ మళ్ళీ కొత్తవిగా వస్తుంటే, సైటువాళ్ళు ప్రతి పోస్టుకీ ఇచ్చే గుర్తింపు సంఖ్య మారుతోందన్నమాట. సైటు హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి మారినప్పుడు ఇలా ఒకసారి జరుగుతుంటుంది. రెండోసారీ వస్తే ఫీడ్ తీసేయండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. తుఫాను, వరద హెచ్చరికలకి ఫీడ్ రీడర్ మీద ఆధారపడకండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే హెచ్చరికల సేవ సచేత్‌కి ఫీడ్ ఉంది, నిజమే. కానీ రోజుకోసారి తెచ్చుకునే ఏర్పాటులో అది ఎందుకూ పనికిరాదు. 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ మన తీరంలోనే దాటాయి. తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అలాంటి సమయంలో గంటలు లెక్క. సచేత్ యాప్ వేరేగా పెట్టుకుని, దానికి మాత్రం నోటిఫికేషన్ ఆన్‌లో ఉంచండి. ఫోన్లో ప్రభుత్వ అత్యవసర హెచ్చరికల సెట్టింగు కూడా ఆఫ్ చెయ్యొద్దు. మిగతా యాప్‌లన్నీ మూగగా ఉంటే, ఆ ఒక్క మోత వినపడగానే లేచి చూస్తారు.

ఇవన్నీ అయ్యాక ఓపీఎంఎల్ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. మీ ఫీడ్ల జాబితా అంతా, ట్యాగులతో సహా, ఆ చిన్న ఫైల్లో ఉంటుంది, ఏ రీడర్లోనైనా తెరుచుకుంటుంది. 2013 మార్చిలో గూగుల్ తన రీడర్ని మూసేస్తున్నట్టు ప్రకటించి జులై 1న మూసేసింది. అప్పుడు ఈ జాబితా చేతిలో ఉన్నవాళ్ళు వేరేచోటికి సులువుగా మారగలిగారు. అయితే ఓపీఎంఎల్‌లో ఫీడ్ల జాబితా మాత్రమే వస్తుంది, మీరు బుక్‌మార్క్ చేసి దాచుకున్న పోస్టులు రావు. పోగొట్టుకోకూడదనుకున్న వ్యాసం ఏదైనా ఉంటే ఫోన్ మార్చేముందు దాన్ని బ్రౌజర్లో తెరిచి పీడీఎఫ్‌గా విడిగా దాచుకోండి.